సెక్వొర్ అంటే "వెంబడించబడుతున్నాను" ఎందుకు కాదు? (లాటిన్ డెపోనెంట్ క్రియలు)

కృష్ణాతీరం · శనివారం, ఉదయం 8:10

అందరికీ నమస్కారమండి. మా అమ్మాయి ఇక్కడ న్యూజెర్సీలో తొమ్మిదో తరగతి. స్పానిష్ వద్దని లాటిన్ తీసుకుంది, ఇది రెండో ఏడు. ఈ వారం డెపోనెంట్ క్రియలని కొత్త పాఠం మొదలుపెట్టారట, ఇంట్లో ఒకటే గొడవ. అమో అంటే ప్రేమిస్తున్నాను, అమొర్ అంటే ప్రేమించబడుతున్నాను అని పోయినేడు నేర్చుకుంది. ఇప్పుడేమో సెక్వొర్ వచ్చింది. చివర "ఒర్" ఉంది కాబట్టి నన్నెవరో వెంబడిస్తున్నారని అర్థం రావాలి. పుస్తకం మాత్రం "నేను వెంబడిస్తున్నాను" అంటోంది. ఇదెక్కడి రూలు నాన్నా అంటే ఏం చెప్పను? నేను చదివింది ఎంపీసీ. రెండో భాష సంస్కృతం, అదీ మార్కుల కోసం.

తెలిసినవాళ్లు కాస్త విడమర్చి చెప్పండి. రూపాలన్నీ తెలుగు లిపిలో రాసి పెడితే ఇంకా మేలు. పిల్ల తెలుగు బాగానే చదువుతుంది. ఇంగ్లీషు అక్షరాల నెత్తిన పెట్టే ఆ అడ్డగీతలే దానికి గుర్తుండటం లేదు.

లాటిన్‌పిచ్చోడు · ఉదయం 8:55

తెలుగు లిపిలో రాయమని అడిగి మంచి పని చేశారు. లాటిన్‌లో అచ్చు పొడుగు మారితే కాలమే మారిపోతుంది. మనకు ఎ వేరు, ఏ వేరు. ఒ వేరు, ఓ వేరు. నాగరిలో రాసేవాళ్లకు ఈ సుఖం లేదు. ఇంకో మాట: లాటిన్ "త" మన "త" లాగే పళ్ల దగ్గర పలుకుతుంది. ఇంగ్లీషు అలవాటు కొద్దీ "ట" అని రాయకండి.

ఇక అసలు విషయం. నిఘంటువులో మామూలు క్రియకు నాలుగు రూపాలు ఇస్తారు. నడిపించడం అనే క్రియ తీసుకుంటే దూకో, దూకెరె, దూక్సీ, దుక్తుస్. డెపోనెంటుకు మూడే ఉంటాయి: సెక్వొర్, సెక్వీ, సెకూతుస్ సుమ్. మొదటి రూపమే "ర్"తో ముగిసిందంటే, దానికి సెక్వో అనే కర్తరి రూపం లేదన్నమాట. ఉన్నదల్లా కర్మణి వేషమే, అర్థం మాత్రం కర్తరి.

వర్తమానం: సెక్వొర్, సెక్వెరిస్, సెక్వితుర్, బహువచనంలో సెక్విముర్, సెక్విమినీ, సెక్వుంతుర్.

భూతకాలంలో జరుగుతూ ఉన్న పని (వెంబడిస్తూ ఉన్నాను): సెక్వేబర్, సెక్వేబారిస్, సెక్వేబాతుర్, సెక్వేబాముర్, సెక్వేబామినీ, సెక్వేబంతుర్.

భవిష్యత్తు: సెక్వర్, సెక్వేరిస్, సెక్వేతుర్, సెక్వేముర్, సెక్వేమినీ, సెక్వెంతుర్.

ఇక్కడ ఆగి ఒకసారి పైకి చదివించండి. సెక్వెరిస్ అంటే వెంబడిస్తున్నావు, సెక్వేరిస్ అంటే వెంబడిస్తావు. పిల్లలు పరీక్షల్లో మార్కులు పోగొట్టుకునేది ఈ ఒక్క ఏత్వం దగ్గరే.

పూర్తయిన పనికి రెండు మాటలు కావాలి: సెకూతుస్ సుమ్, సెకూతుస్ ఎస్, సెకూతుస్ ఎస్త్, సెకూతీ సుముస్, ఎస్తిస్, సుంత్. ఇందులో మొదటి మాట విశేషణం, కాబట్టి కర్తను బట్టి మారుతుంది. మీ అమ్మాయి తన గురించి చెప్పుకుంటే సెకూత సుమ్ అనాలి. ఆడవాళ్లు నలుగురైతే సెకూతై సుంత్. దానికీ ముందు జరిగినదానికి సెకూతుస్ ఎరమ్, ముందుముందు పూర్తయ్యేదానికి సెకూతుస్ ఎరో.

సంభావనార్థకంలో (జరగొచ్చు, జరగాలి లాంటి అర్థాలకు వాడే రూపాల్లో) వర్తమానం సెక్వర్, సెక్వారిస్, సెక్వాతుర్ అని నడుస్తుంది. ఉత్తమ పురుషలో "నేను" రూపం భవిష్యత్తుతో కలిసిపోయింది, వాక్యాన్ని బట్టి పోల్చుకోవాలి. భూతం సెక్వెరెర్, సెక్వెరేరిస్, సెక్వెరేతుర్.

ఆజ్ఞార్థకం: ఒకరినైతే సెక్వెరె, పదిమందినైతే సెక్విమినీ. ఈ సెక్వెరె చూడటానికి దూకెరె లాగే ఉంటుంది. దూకెరె అంటే నడిపించడం. సెక్వెరె అంటే మాత్రం "నా వెంట రా" అన్న ఆజ్ఞ. వెంబడించడం అనే అర్థానికి సెక్వీ ఉంది.

ఓరుగల్లు పోరడు · ఉదయం 9:30

అన్నా, లా కాలేజీల ఈ సెక్వితుర్ మస్తు సార్లు ఇన్న. "ఐక్వితాస్ సెక్వితుర్ లేగెమ్" అని ఈక్విటీ పాఠంల మొదట్లనే వస్తది. చట్టం ముంగట నడుస్తది, ఈక్విటీ (చట్టం సరిపోని కాడ కోర్టు జూసే న్యాయం) దాని ఎన్క నడుస్తది అన్నట్టు. ఇంకోటి "ఆక్తొర్ సెక్వితుర్ ఫొరుమ్ రెయీ". దావా ఏసేటోడు ప్రతివాది మీద ఆయన ఉన్న తాన్నే, ఆ కోర్టుల్నే ఏసుకోవాలె. మాతోని బట్టీ కొట్టిచ్చిన్రు గని గా ఒక్క మాటల ఇంత కథ ఉన్నదని ఎవ్వలు జెప్పలే. నాన్ సీక్విటర్ అంటరు గద, అది గూడ గిదేనా?

లాటిన్‌పిచ్చోడు · ఉదయం 9:42

అదే తమ్ముడూ. నోన్ సెక్వితుర్, అంటే "వెనకాల రాదు". ముందు చెప్పినదాన్నుంచి ఈ మాట తేలదు అని.

నువ్విచ్చిన మొదటి వాక్యమే కృష్ణాతీరం గారి అమ్మాయికి చూపించదగ్గ ఉదాహరణ. లేగెమ్ అన్నది ద్వితీయా విభక్తి, "చట్టాన్ని". నిజమైన కర్మణి వాక్యంలో ఈ "ని" ఉండదు. అలాంటిచోట చట్టం కర్త అయితే "ఆ లేగె" (చట్టం చేత) అని ఉండేది. "ర్"తో ముగిసే క్రియ పక్కన "ని" అర్థంలో ఒక నామవాచకం కనిపిస్తే తొంభై పాళ్లు అది డెపోనెంటే.

పదచ్ఛేదం · ఉదయం 11:05

కృష్ణాతీరం గారూ, మార్కుల కోసమే అయినా మీరు చదివిన సంస్కృతం ఇక్కడ అక్కరకొస్తుంది. ధాతువుల్లో పరస్మైపదం, ఆత్మనేపదం అని రెండు వరసలు చదివే ఉంటారు. గచ్ఛతి, పఠతి ఒక వరస. లభతే, సేవతే, వందతే ఇంకో వరస. సేవతే అంటే "సేవిస్తున్నాడు" అనే కదా, "సేవించబడుతున్నాడు" అని ఎవరూ అనరు. స్తోత్రాల్లో నమామి అంటాం, వందే అంటాం. రెంటికీ నమస్కరిస్తున్నాననే అర్థం. నమామి పరస్మైపదం, వందే ఆత్మనేపదం. వంద్ ధాతువుకు వందామి అనే రూపం పాణిని ఒప్పుకోడు, అచ్చం మీ అమ్మాయి పుస్తకం సెక్వో అనే రూపం ఒప్పుకోనట్టే.

ఇంతకంటే రుచికరమైన సంగతి ఇంకోటి ఉంది. సెక్వొర్‌కు సంస్కృతంలో తోబుట్టువు ఉంది: సచ్ ధాతువు, సచతే. వెంట ఉండు, కూడి ఉండు అని అర్థం. అదీ ఆత్మనేపదియే. ఋగ్వేదం మొదటి సూక్తం చివరి మంత్రంలో అగ్నిని "సచస్వా నః స్వస్తయే" అని వేడుకుంటారు. మా క్షేమం కోసం మా వెంట ఉండు అని. ఆ సచస్వ, లాటిన్ సెక్వెరె ఒకే మూలం నుంచి వచ్చిన ఆజ్ఞార్థకాలు. గ్రీకులో ఇదే ధాతువు హెపొమై అయింది, అది కూడా ఆత్మనేపద రూపంలోనే నడుస్తుంది. ఎక్కడో వేల మైళ్ల దూరంలో స్థిరపడ్డ మూడు భాషలు ఈ ఒక్క క్రియను ఒకే వరసలో ఉంచుకున్నాయంటే, ఆ వరస ఎంత పాతదో ఆలోచించండి.

సచివుడు అన్న మాట ఈ ధాతువు నుంచే. రాజు వెంట ఉండేవాడు. సఖుడు, సఖి కూడా ఆ వంశమే అంటారు భాషాశాస్త్రజ్ఞులు. లాటిన్‌లో వాళ్ల బంధువు సొకియుస్, అందులోంచే సొసైటీ.

ఓరుగల్లు పోరడు · ఉదయం 11:20

అంటే సచివాలయం, సీక్వెల్, ప్రాసిక్యూటర్ ముగ్గురు ఒక్క ఇంటోళ్లేనా సార్?? దిమాక్ తిరిగిపోయింది.

లాటిన్‌పిచ్చోడు · ఉదయం 11:34

ఎగ్జిక్యూటివ్‌నీ, సెకండ్‌నీ కూడా కలుపుకో. సెకుందుస్ అంటే మొదట్లో "వెంట వచ్చేది" అనే. అందుకే మొదటిదాని తర్వాతది రెండోది అయింది. పడవవాళ్లకు వెనకనుంచి వీచే గాలి సెకుందుస్ వెంతుస్, అంటే అనుకూలమైన గాలి.

పదచ్ఛేదం గారూ, మీరు చెప్పినదాంతో నాకు పేచీ లేదు. కానీ డెపోనెంటు అంటే ఆత్మనేపదమే, అయిపోయింది అని అమ్మాయి రాసుకుంటే ఇబ్బంది. సంస్కృతంలో సేవతే (సేవిస్తున్నాడు) వేరు, సేవ్యతే (సేవించబడుతున్నాడు) వేరు, మధ్యలో "య" వచ్చి తేడా చెప్తుంది. లాటిన్‌లో ఆ ఆత్మనేపద రూపాలనే కర్మణికీ వాడేశారు. ఇప్పుడు రూపం ఒకటే, పనులు రెండు. అమాతుర్ లాంటి వేల క్రియల్లో అది కర్మణి. సెక్వితుర్ లాంటి కొన్నిట్లో పాత ఆత్మనేపదం అలాగే మిగిలిపోయింది. అందుకే డెపోనెంటును కర్మణి వేషం వేసిన కర్తరి అని పుస్తకాలు చెప్పడం పాఠానికి పనికొస్తుంది గానీ, చరిత్ర తలకిందులవుతుంది. ఆ రూపాల్లో ముందు స్థిరపడింది ఈ పాత అర్థమే. కర్మణి తర్వాత వచ్చి చేరింది.

పదచ్ఛేదం · మధ్యాహ్నం 12:15

ఒప్పుకుంటాను. మీరన్న "య" దగ్గర కూడా ఒక తమాషా ఉంది. మ్రియతే (చనిపోతున్నాడు) చూడటానికి అచ్చం కర్మణిలాగే ఉంటుంది, కాదు. దాని లాటిన్ బంధువు మొరియొర్ కూడా డెపోనెంటే. పైగా మృ ధాతువు అన్ని కాలాల్లో ఆత్మనేపదంలో ఉండదు. మ్రియతే అంటాం, కానీ భవిష్యత్తులో మరిష్యతి, లిట్‌లో (పరోక్ష భూతకాలంలో) మమార. ఈ సంగతి పాణిని ప్రత్యేకంగా సూత్రం పెట్టి మరీ చెప్పాడు (1.3.61). సగం ఈ వరస, సగం ఆ వరస. లాటిన్‌లో ఇలాంటివి ఉన్నాయా?

లాటిన్‌పిచ్చోడు · మధ్యాహ్నం 12:40

ఉన్నాయి, సెమీ డెపోనెంట్లంటారు. నాలుగే ముఖ్యమైనవి. ఔదెయో (తెగిస్తాను), గౌదెయో (సంతోషిస్తాను), సొలెయో (అలవాటుగా చేస్తాను), ఫీదో (నమ్ముతాను). వర్తమానంలో మామూలు కర్తరి రూపాలే. పని పూర్తయిందనాల్సి వచ్చేసరికి ఔసుస్ సుమ్, గావీసుస్ సుమ్, సొలితుస్ సుమ్, ఫీసుస్ సుమ్ అని డెపోనెంట్లయిపోతాయి. రోమన్ కవి హొరేస్ మాట, తర్వాత 1784లో జర్మన్ తత్వవేత్త కాంట్ నినాదంగా తీసుకున్నది, "సపెరె ఔదే" (ఆలోచించడానికి తెగించు) అన్నదాంట్లో ఔదే కర్తరి ఆజ్ఞార్థకం. రెవెర్తొర్ (తిరిగొస్తాను) దీనికి ఎదురు: వర్తమానంలో డెపోనెంటు, భూతంలో ఎక్కువగా రెవెర్తీ అని కర్తరి.

మొరియొర్ దగ్గర కూడా మీరన్నలాంటి చీలికే ఉంది. భవిష్యత్తు విశేషణం మొరితూరుస్, చావబోతున్నవాడు. ఇది కర్తరి రూపమే. ఏ డెపోనెంటుకైనా ఈ భవిష్యత్ విశేషణమూ, వర్తమాన విశేషణమూ (సెక్వేన్స్, వెంబడిస్తున్న) కర్తరిలోనే ఉంటాయి. సినిమాల్లో గ్లాడియేటర్లు చక్రవర్తికి "చావబోతున్న మేము నీకు నమస్కరిస్తున్నాం" అంటారు చూడండి, అది ఈ మాటే: మొరితూరీ తే సలూతంత్. గ్లాడియేటర్లు రోజూ అలా అనేవాళ్లనడానికి ఆధారం లేదు. రోమన్ చరిత్రకారుడు సుయెటోనియుస్ రాసింది ఒకే ఒక్క సందర్భం. క్రీ.శ. 52లో ఫూకినుస్ సరస్సు మీద చక్రవర్తి క్లాడియుస్ ఉత్తుత్తి నౌకాయుద్ధం పెట్టించాడు. దిగినవాళ్లు మరణశిక్ష పడ్డ ఖైదీలు. వాళ్లలా అనగానే ఆయన "ఔత్ నోన్" అన్నాడు. "లేదా చావకపోవచ్చు" అని. క్షమించేశాడనుకుని వాళ్లు యుద్ధమే చెయ్యం పొమ్మన్నారు. చివరికి చక్రవర్తి గద్దె దిగి, కుంటుకుంటూ గట్టు చుట్టూ తిరిగి, కొందరిని బెదిరించి కొందరిని బతిమాలి ఒప్పించాల్సి వచ్చింది. వ్యాకరణం పాఠంలో ఇలాంటి కథ ఒకటి చెప్తే మొరితూరుస్ జన్మలో మర్చిపోరు.

గుణదల కొండ · మధ్యాహ్నం 1:50

ఇంత మాట్లాడుకున్నారు, మా కతోలిక గుడిలో రోజూ వినిపించిన లాటిన్ ఎవరికీ గుర్తు రాలేదా? పూజ తెలుగులోకి రాకముందు, అంటే అరవయ్యో దశకం దాకా, మా పెద్దవాళ్లు పూజసాయం చేసేటప్పుడు చెప్పిన జవాబులన్నీ లాటిన్‌లోనే. కోన్‌ఫితెయొర్ దెయో ఓమ్నిపొతెంతీ, సర్వశక్తిగల దేవునికి ఒప్పుకుంటున్నాను. కోన్‌ఫితెయొర్ డెపోనెంటే కదా. మిసెరేరె నోబీస్, మమ్ము కరుణించు. అదీ డెపోనెంట్ ఆజ్ఞార్థకమే.

విశ్వాస సంగ్రహంలో "లొకూతుస్ ఎస్త్ పెర్ ప్రొఫేతాస్" ఉంది. ప్రవక్తల ద్వారా పలికెను. "పలకబడెను" కాదు.

ఇక మీ సెక్వొర్. మత్తయి సువార్త 9:9. సుంకపు మెట్టు దగ్గర కూర్చున్న మత్తయితో క్రీస్తు అన్నది "సెక్వెరె మే". వెంటనే "సెకూతుస్ ఎస్త్ ఎయుమ్", ఆయనను వెంబడించెను. ఆజ్ఞార్థకం, భూతకాలం రెండూ ఒకే వచనంలో. తెలుగు బైబిల్లో కూడా ఇక్కడున్నది "వెంబడించు" అనే మాటే. మన లాటిన్‌పిచ్చోడు గారు మొదట్లోనే అదే మాట వాడితే బైబిల్ చూసే రాశారనుకున్నాను.

ఒక సందేహం. అదే విశ్వాస సంగ్రహంలో "పస్సుస్ ఎత్ సెపుల్తుస్ ఎస్త్" అని వస్తుంది. పాటుపడి, సమాధి చేయబడెను. సమాధి చేయబడ్డాడు సరే. పాటుపడటం ఆయన చేసిందేగా. రెంటికీ కలిపి ఒకే ఎస్త్ ఉంది. ఏది డెపోనెంటు, ఏది కర్మణి అని చూడగానే ఎలా తెలుస్తుంది?

లాటిన్‌పిచ్చోడు · మధ్యాహ్నం 2:20

చూడగానే తెలీదండి. ఈ పాఠం మొత్తంలో ఇంతకంటే మంచి ఉదాహరణ నేనూ ఇవ్వలేను. పస్సుస్ వచ్చింది పతియొర్ (భరించు) నుంచి. పతియో అనే రూపం లేదు. సెపుల్తుస్ వచ్చింది సెపెలియో (పాతిపెట్టు) నుంచి, దానికి కర్తరి ఉంది. ఒకే తీరు, ఒకే ఎస్త్. అర్థాలు రెండు దిక్కులు.

దీనికి నాలుగో శతాబ్దంలో దొనాతుస్ అనే వ్యాకరణ పంతులు ఒక పరీక్ష చెప్పాడు. "ర్"తో ముగుస్తాయి, ఆ "ర్" తీసేస్తే లాటిన్ మాట కాకుండా పోతాయి, అవి డెపోనెంట్లు. అమొర్‌లో "ర్" తీస్తే అమో మిగులుతుంది, అది లాటినే. లొక్వొర్‌లో తీస్తే లొక్వో, అలాంటి మాట లేదు. ఆయన క్రియలను అయిదు జాతులు చేశాడు. ఇంకో జాతి "ఉమ్మడి" క్రియలు, ఒకే రూపం రెండు అర్థాల్లోనూ వాడేవి. ముద్దు పెట్టుకోవడం దానికి ఆయన ఇచ్చిన ఉదాహరణ: ఓస్కులొర్ తే అంటే నిన్ను ముద్దు పెట్టుకుంటున్నాను, ఓస్కులొర్ ఆ తే అంటే నీచేత ముద్దు పెట్టించుకుంటున్నాను.

మీరు చెప్పిన బైబిలును లాటిన్‌లోకి తెచ్చిన జెరోము ఈ దొనాతుస్ శిష్యుడే.

గోదారిగట్టు · సాయంత్రం 4:05

చాలా సేపటి నుంచి చదువుతున్నాను. బడిలో తెలుగు చెప్పేదాన్ని, ఊరికే ఉండలేక రాస్తున్నా. ఆ దొనాతుస్ పరీక్ష మన తెలుగు మీద పెట్టి చూడండి.

"కొను" ఉందిగా. వండాడు, వండుకున్నాడు. గీశాడు, గీసుకున్నాడు. రెండోదాంట్లో పని ఫలితం చేసినవాడికే చేరుతుంది. "కొను" తీసేసినా మాట మిగులుతుంది. మరి మేలుకొను? "కొను" తీసేస్తే మేలు అనే నామవాచకం మిగులుతుంది గానీ, మేలాడు అనే క్రియ తెలుగులో లేదు. కూర్చొను కూడా చూడండి. కూర్చు అంటే అమర్చడం, వేరే పని. పడుకొను లోంచి "కొను" తీస్తే కింద పడిపోతాడు! ఇవన్నీ మనవైన డెపోనెంట్లు అనొచ్చా?

పదచ్ఛేదం · సాయంత్రం 4:30

అమ్మా, "కొను" అర్థం ఆత్మనేపదానికి దగ్గరగా ఉన్నమాట నిజం. స్వరితేత్తు, ఞిత్తు అయిన ధాతువుల (అంటే రెండు వరసల్లోనూ నడిచేవాటి) గురించి పాణిని అన్నదీ ఇదే: క్రియాఫలం కర్తకు చెందితే ఆత్మనేపదం. యజమాని తన కోసం యాగం చేసుకుంటే యజతే, ఋత్విక్కు ఇంకొకరి కోసం చేస్తే యజతి. వండుకున్నాడు, వండాడు అన్న తేడాయే.

లాటిన్‌పిచ్చోడు · సాయంత్రం 4:48

నా అభ్యంతరం ఒక్కటే. "కొను" ఎప్పుడూ కర్మణి పని చెయ్యదు. మనకు దానికి "బడు" వేరే ఉంది. డెపోనెంటుతో తికమక వచ్చేదే కర్మణి రూపంతో కలిసిపోవడం వల్ల, ఆ తికమక తెలుగులో పుట్టే వీల్లేదు. కానీ పిల్లకు చెప్పడానికి మాత్రం గోదారిగట్టు గారి మేలుకొను నాకు బాగా నచ్చింది. పుస్తకాల్లో ఇచ్చే నిర్వచనం కంటే తొందరగా ఎక్కుతుంది. వెరెయొర్ (భయపడు), లైతొర్ (సంతోషించు), ఈరాస్కొర్ (కోపం తెచ్చుకో), కోన్‌సోలొర్ (ఓదార్చు), మెదితొర్ (మనసులో తలపోసుకో)... సగానికి పైగా లోపల జరిగే పనులే. కోన్‌సోలొర్ లాంటివి ఈ లెక్కకు లొంగవు, బట్టీ కొట్టాల్సిందే.

మందులచీటీ · సాయంత్రం 5:10

మా వాళ్లు రోజూ వాడే పేషెంట్ ఆ పతియొర్ నుంచే. పతియేన్స్, భరిస్తున్నవాడు. అంటే డెపోనెంట్ క్రియకు వర్తమాన విశేషణం. జబ్బు తగ్గాక వెనకాల మిగిలే ఇబ్బందుల్ని సీక్వెలీ అంటాం, అది మీ సెక్వొర్ ఇంటిది. ఇక డ్యూటీకి వెళ్లాలి.

కృష్ణాతీరం · సాయంత్రం 6:35

అందరికీ చాలా థాంక్సండి, మేలుకొను అనగానే పిల్ల పట్టేసింది. రూపాలన్నీ నోటుపుస్తకంలో తెలుగులో రాసుకుంది. ఇంకో రెండు ప్రశ్నలు అడగమంది. ఊతొర్ అనే క్రియ పక్కన "ని" రాదట, ఎందుకు? రెండోది, ఈ సెకూతుస్ అనే మాట ఎస్త్ లేకుండా ఒంటరిగా కనిపిస్తే ఏమనాలి?

లాటిన్‌పిచ్చోడు · రాత్రి 7:20

మొదటిది త్వరగా. ఊతొర్ (వాడు), ఫ్రువొర్ (అనుభవించు), ఫుంగొర్ (బాధ్యత నెరవేర్చు), పొతియొర్ (వశం చేసుకో), వెస్కొర్ (తిని బతుకు). ఈ అయిదూ లాటిన్ పంచమీ విభక్తి కోరతాయి. ఆ విభక్తే మన "తో" పని కూడా చేస్తుంది. గ్లదియో ఊతొర్ అంటే "కత్తిని వాడుతున్నాను" అని అనువదిస్తాం. లాటిన్ వాడి మనసులో మాత్రం "కత్తితో నా పని కానిచ్చుకుంటున్నాను" అని ఉంది. కర్మ లేదు, సాధనమే ఉంది. పొతియొర్ కొన్నిసార్లు షష్ఠి కూడా తీసుకుంటుంది, అది తర్వాత.

రెండో ప్రశ్న చాలా మంచిది. దీని కోసమైనా లాటిన్‌వాళ్లు డెపోనెంట్లను ప్రేమించి ఉంటారు. మామూలు లాటిన్ క్రియకు "చేసి, వెళ్లి, చెప్పి" లాంటి రూపం లేదు. తెలుగువాడు నిమిషానికి పది వాడతాడు, వాళ్లకు ఒక్కటీ లేదు. దుక్తుస్ అంటే "నడిపించి" కాదు, "నడిపించబడిన". అందుకే "ఊరు పట్టుకుని" అనాల్సిన చోట ఉర్బె కప్తా, "ఊరు పట్టుబడగా" అని తిప్పి చెప్పుకుంటారు. డెపోనెంటుకు మాత్రం ఆ అవసరం లేదు. సెకూతుస్ అంటే వెంబడించి. లొకూతుస్ అంటే పలికి. తెలుగులో క్త్వార్థకం ఎలా వాడతామో అలాగే.

సీజర్ గాలిక్ యుద్ధాల గురించి రాసినదాంట్లో, మొదటి పుస్తకం 25వ అధ్యాయంలో గుర్రాలన్నిటినీ దూరంగా పంపించేస్తాడు, ఎవరికీ పారిపోయే ఆశ లేకుండా. అదే వాక్యం చివర: కొహొర్తాతుస్ సువోస్ ప్రొయ్‌లియుమ్ కొమ్మీసిత్. తనవాళ్లకు ధైర్యం చెప్పి యుద్ధం మొదలుపెట్టాడు. కొహొర్తొర్ డెపోనెంటు కాబట్టి ఆ "ధైర్యం చెప్పి" ఒక్క మాటలో కుదిరింది. ఇంగ్లీషులో దీనికి రెండు మూడు మాటలు పేర్చాలి. మీ అమ్మాయిని తిన్నగా తెలుగులోకి అనువదించమనండి, తేలిక.

చివరగా ఒక ఉచ్చు. సెక్వెందుస్ అని ఇంకో విశేషణం ఉంది. డెపోనెంటు రూపాల్లో దీనికి మాత్రం కర్మణి అర్థమే: వెంబడించదగిన, అనుసరించాల్సిన.

సరదాగా అయిదు వాక్యాలు ఇస్తున్నా, చెయ్యమనండి.
1. మీలితేస్ దుకెమ్ సెకూతీ సుంత్.
2. మీలితేస్ ఆ దుకె దుక్తీ సుంత్.
3. మాత్రెమ్ సెక్వేరిస్.
4. హైక్ లొకూత పుయెల్ల అబియిత్.
5. ఎక్సెంప్లుమ్ సెక్వెందుమ్ ఎస్త్.

ఓరుగల్లు పోరడు · రాత్రి 7:45

మొదటిది నేను జెప్త: సిపాయిలు నాయకుని ఎంబడి పోయిన్రు. రెండోది నాయకుడు సిపాయిలను నడిపిచ్చిండు. మిగిలినయి చెల్లెకు ఇడిశిపెడుతున్న.

కృష్ణాతీరం · రాత్రి 8:30

పిల్ల జవాబులివి. మూడు: నువ్వు అమ్మ వెంట వెళ్తావు. నాలుగు: ఈ మాటలు చెప్పి అమ్మాయి వెళ్లిపోయింది. అయిదు: ఉదాహరణ వెంబడిస్తోంది.

లాటిన్‌పిచ్చోడు · రాత్రి 8:52

మూడు, నాలుగు బంగారం. మూడోదాంట్లో ఏత్వం పట్టుకుని భవిష్యత్తు అని రాసింది, శభాష్. రెండోదాన్ని పోరడు కర్తరిలోకి తిప్పి చెప్పాడు. అర్థం సరే. పరీక్షలో మాత్రం "నాయకుడి చేత నడిపించబడ్డారు" అనే రాయమనండి, తెలుగు చెవికి ఎంత ఎబ్బెట్టుగా ఉన్నా. టీచరు చూసేది ఆ "ఆ దుకె" పట్టుకున్నారా లేదా అనే.

అయిదోది ఉచ్చులో పడింది. సెక్వెందుమ్ కాబట్టి ఉదాహరణ ఎవరినీ వెంబడించదు, దాన్నే మనం అనుసరించాలి: "ఆ ఉదాహరణను అనుసరించాలి". మనమే అని చెప్పాలంటే నోబీస్ అని చేర్చాలి. ఇక్కడ "చేత" అర్థానికి చతుర్థీ విభక్తి వస్తుంది, "ఆ దుకె" లాగా "ఆ నోబీస్" అని రాదు. ఎక్సెంప్లుమ్ నోబీస్ సెక్వెందుమ్ ఎస్త్. రేపు దాన్ని బహువచనంలోకి మార్చి పెట్టమనండి, చూస్తాను.